యుద్ధం ముగిసింది, అప్పు మిగిలింది

1783 సెప్టెంబరు 3న పారిస్‌లో సంధి పత్రాల మీద సంతకాలు పడడంతో పదమూడు అమెరికా వలస రాజ్యాలు బ్రిటన్ చేతిలోంచి పూర్తిగా బయటపడ్డాయి. అప్పుల్లోంచి మాత్రం బయటపడలేదు. ఎనిమిదేళ్ల యుద్ధాన్ని నడిపింది పన్నులు కాదు, కాగితాలు. కాంటినెంటల్ కాంగ్రెస్ అచ్చేసిన నోట్లు 1779 చివరికి 20 కోట్ల డాలర్లకు చేరాయి. 1781 నాటికి వాటిని ఎవరూ పుచ్చుకోని స్థితి వచ్చింది. ఫ్రాన్స్ దగ్గర, డచ్ బ్యాంకర్ల దగ్గర చేసిన బాకీలు వేరే ఉన్నాయి. సైనికులకు జీతాల బదులు, రైతుల నుంచి తీసుకున్న ధాన్యానికీ గుర్రాలకూ డబ్బు బదులు ప్రభుత్వం అప్పు పత్రాలే చేతిలో పెట్టింది. ఆ బిల్లు ఎవరు కట్టాలన్నదే తర్వాతి ఇరవై ఏళ్ల అమెరికా రాజకీయం. మూడు తిరుగుబాట్లు, ఒక రాజ్యాంగం, ఒక ప్రభుత్వ పతనం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

అప్పటి కేంద్రానికి పన్ను వేసే హక్కే లేదు. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక ప్రకారం కాంగ్రెస్ రాష్ట్రాలను డబ్బు అడగగలదు, అంతే. అవి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుంటామని కాంగ్రెస్ ప్రతిపాదిస్తే రోడ్ ఐలండ్ ఒక్కటే అడ్డుపడి ఆపేసింది, ఎందుకంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకుంటే తప్ప ఒడంబడికను మార్చడానికి వీల్లేదు. 1783లో మళ్లీ అడిగితే ఈసారి అడ్డం తిరిగింది న్యూయార్క్. అదే ఏడాది జూన్‌లో జీతాలు రాని పెన్సిల్వేనియా సైనికులు సుమారు 400 మంది ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చున్న భవనాన్ని చుట్టుముట్టారు. వాళ్లను చెదరగొట్టడానికి కాంగ్రెస్ చేతిలో బలగం లేదు, రాష్ట్రం పంపలేదు. స్వాతంత్ర్యం తెచ్చిన సభ సొంత సైనికులకు భయపడి ప్రిన్స్‌టన్‌కు తరలిపోయింది.

సైనికుడు ఇల్లు చేరాక అప్పు పత్రం అన్నం పెట్టదు. అవసరం తరుముతుంటే రూపాయి విలువకు పావలా వచ్చినా చాలనుకుని, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకే, ఆ పత్రాలను పట్టణాల్లోని వర్తకులకు అమ్ముకున్నారు. ఆ వర్తకుడికి పూర్తి విలువ, వడ్డీతో సహా, చెల్లించడానికి రాష్ట్రం పన్ను వేస్తుంది. ఆ పన్ను కట్టాల్సింది పత్రం అమ్ముకున్న సైనికుడే. తర్వాతి గొడవంతా ఈ లెక్కలోనే ఉంది.

మూతపడ్డ కోర్టులు

రాష్ట్రాలన్నీ ఒకే దారి పట్టలేదు. 1786లో రోడ్ ఐలండ్ కాగితపు డబ్బు అచ్చేసి, అప్పిచ్చినవాళ్లు దాన్ని పుచ్చుకుని తీరాలని చట్టం చేసింది. వర్తకులు దుకాణాలకు తాళాలు వేసుకున్నారు. మసాచుసెట్స్ సరిగ్గా ఎదురు దారిలో పోయింది. అక్కడి శాసనసభలో తీరప్రాంత వర్తకుల మాట చెల్లుబాటయ్యేది. రాష్ట్రం తన యుద్ధ రుణాన్ని త్వరగా తీర్చేయాలని పట్టుపట్టి, వెండి బంగారు నాణేల్లో కట్టాల్సిన బరువైన పన్నులు వేసింది. అందులో పెద్ద వాటా తలపన్ను, భూమి పన్ను. వంద ఎకరాల ఆసామికీ, కొండవాలులో పది ఎకరాలు గీసుకునేవాడికీ తలపన్ను ఒకటే. 1785లో గవర్నర్ అయిన జేమ్స్ బౌడన్ బకాయిల వసూలు మీద బిగించాడు. ఆయన దగ్గరా రాష్ట్ర రుణ పత్రాలున్నాయి.

పశ్చిమ జిల్లాల్లో నాణెం కనబడడమే అరుదు. అక్కడ వ్యాపారం ధాన్యంతో, పనితో, మాటతో నడిచేది. ఇంగ్లండులోని వర్తకులు బోస్టన్ వర్తకుల్ని, వాళ్లు ఊరి దుకాణదారుల్ని, వాళ్లు రైతుల్ని నాణేలు కావాలని పీడించారు. బాకీ దావాలు కోర్టుల్లో గుట్టలు పడ్డాయి. ముందు ఆవుల జప్తు, తర్వాత భూమి వేలం, అదీ చాలకపోతే జైలు. యుద్ధంలో పనిచేసి, తనకు రావలసిన జీతం రాక, తాను కట్టవలసిన పన్ను కట్టలేక జైలుకెళ్లిన మాజీ సైనికులు ఉన్నారు.

రైతులు మొదట తుపాకులు పట్టలేదు. ఊరూరా సభలు పెట్టి అర్జీలు రాశారు. కాగితపు డబ్బు కావాలి, పన్ను తగ్గించాలి, రాజధానిని బోస్టన్ నుంచి మార్చాలి, శాసనమండలి అక్కర్లేదు అన్నవి కోరికలు. 1786 జూలైలో శాసనసభ ఏ ఊరటా ఇవ్వకుండా వాయిదా పడింది. ఆగస్టు 29న సుమారు 1,500 మంది నార్తాంప్టన్‌లో కోర్టు ముందు నిలబడి జడ్జీలను లోపలికి పోనివ్వలేదు. కోర్టు కూర్చోకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే జప్తు లేదు. వారం తిరగకుండా వూస్టర్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ అణచడానికి పిలిచిన మిలీషియా (పౌర సేన) చాలావరకు రానే లేదు, వచ్చినవాళ్లలో కొందరు అవతలి పక్షంలో చేరారు. తిరుగుబాటుదారులు టోపీల్లో హెమ్లాక్ చెట్టు రెమ్మ గుచ్చుకునేవారు. ప్రభుత్వ పక్షం వాళ్లు తెల్ల కాగితం ముక్క పెట్టుకునేవారు.

చరిత్ర ఈ తిరుగుబాటుకు డేనియల్ షేస్ పేరు పెట్టింది. అతనొక్కడే నాయకుడన్నది ప్రభుత్వానికి అనువైన మాట మాత్రమే. లూక్ డే, జాబ్ షాటక్ లాంటివాళ్లు అతనికి ఏమీ తీసిపోరు. అయితే షేస్ కథలో ఆ తరం మొత్తం కనిపిస్తుంది. పెలాం ఊరి రైతు. బంకర్ హిల్‌లో, సరటోగాలో పోరాడి కెప్టెన్ అయ్యాడు. ఫ్రెంచి సేనాని లాఫయెట్ బహూకరించిన కత్తిని డబ్బుకు కటకటలాడి అమ్ముకున్నాడు.

బోస్టన్ కలవరపడింది. అందరికన్నా కటువుగా మాట్లాడినవాడు శామ్యూల్ ఆడమ్స్. బ్రిటిష్ పన్నులకు వ్యతిరేకంగా జనాన్ని వీధుల్లోకి తెచ్చినవాళ్లలో మొదటి వరసలో నిలిచిన మనిషి ఆయన. రాజు మీద తిరగబడినవాడిని క్షమించవచ్చు గానీ, తామే ఎన్నుకున్న ప్రభుత్వం మీద తిరగబడినవాడికి చావే తగినదని ఆయన వాదన. అక్టోబరులో గుంపుల నిషేధ చట్టం వచ్చింది, నవంబరులో హెబియస్ కార్పస్ హక్కును నిలిపేశారు. కేంద్ర కాంగ్రెస్ కూడా 1,340 మంది సైనికుల్ని చేర్చుకోవాలని తీర్మానించింది. అది ఆదివాసీ తెగల మీద యుద్ధానికని పైకి చెప్పింది. రాష్ట్రాలు డబ్బు పంపకపోవడంతో సాకూ నిలవలేదు, సైన్యమూ నిలవలేదు. చివరికి బోస్టన్ వర్తకులు చందాలు వేసుకుని 4,400 మంది సైన్యాన్ని తయారుచేసి, జనరల్ బెంజమిన్ లింకన్‌ను దానికి అధిపతిని చేశారు. ఒక గణతంత్రం తన పౌరుల మీదికి పంపిన సైన్యానికి ప్రైవేటు చందాదారులు జీతాలిచ్చారన్నది మామూలుగా దాటేసే వివరం, దాటేయవలసింది కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాంగ్రెస్‌కు చెందిన ఆయుధాగారం ఉంది. వేల తుపాకులున్నాయి. 1787 జనవరి 25న రెండు వైపుల నుంచీ దాని మీద పడాలని పథకం. తాను 26వ తేదీకి గానీ సిద్ధం కాలేనని లూక్ డే పంపిన చీటీ ప్రభుత్వ పక్షం చేతిలో పడింది. ఆ సంగతి తెలియని షేస్ సుమారు 1,500 మందితో మంచులో ముందుకు నడిచాడు. ఆయుధాగారం దగ్గర జనరల్ షెపర్డ్ ఫిరంగులతో కాచుకుని ఉన్నాడు. మొదటి గుళ్లు తలల పైనుంచి పోయాయి, తర్వాతివి వరసల మధ్యకు వచ్చాయి. నలుగురు చనిపోయారు. తమతో యుద్ధంలో కలిసి పనిచేసినవాళ్లు తమ మీద ఫిరంగి పేలుస్తారని నమ్మని గుంపు ఒక్క తుపాకీ పేల్చకుండా వెనుదిరిగింది. ఫిబ్రవరి 3 రాత్రి లింకన్ సైన్యం మంచు తుపానులో 30 మైళ్లు నడిచి తెల్లవారేసరికి పీటర్‌షామ్‌లో వాళ్ల మీద పడింది. 150 మంది పట్టుబడ్డారు. షేస్ అప్పటికి విడి దేశంగా ఉన్న వెర్మాంట్‌కు పారిపోయాడు.

యుద్ధభూమిలో ఓడినవాళ్లు రెండు నెలల్లో ఓటుతో గెలిచారు. తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లకు మూడేళ్లు ఓటు లేదని చట్టం చేసినా, 1787 ఏప్రిల్ ఎన్నికల్లో బౌడన్ చిత్తుగా ఓడి జాన్ హాంకాక్ వచ్చాడు. కొత్త శాసనసభ పన్నులు బాగా తగ్గించింది, బాకీల వసూలుకు గడువిచ్చింది. ఉరిశిక్ష పడ్డ 18 మందిలో ఎక్కువమందికి క్షమాభిక్ష దక్కింది. డిసెంబరులో లెనాక్స్‌లో ఉరితీసిన ఇద్దరి మీద ఉన్నది దోపిడీ నేరం. షేస్‌కు 1788లో క్షమాభిక్ష వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో పేదగానే బతికి 1825లో చనిపోయాడు.

ఫిలడెల్ఫియాలో రాసుకున్న జవాబు

షేస్ తిరుగుబాటు వల్లే అమెరికా రాజ్యాంగం పుట్టిందని పాఠ్యపుస్తకాలు తేలిగ్గా చెప్పేస్తాయి. మార్పు కోసం ఫిలడెల్ఫియాలో సమావేశం కావాలన్న పిలుపు 1786 సెప్టెంబరులోనే, తిరుగుబాటు ముదరకముందే, అనాపొలిస్‌లో కలిసిన కొన్ని రాష్ట్రాల ప్రతినిధుల నుంచి వెళ్లింది. తిరుగుబాటు చేసిందల్లా తటపటాయిస్తున్నవాళ్లను కదిలించడం. స్వాతంత్ర్య యుద్ధ సేనాని జార్జి వాషింగ్టన్ అలాంటివాళ్లలో ఒకడు. కాంగ్రెస్ యుద్ధ కార్యదర్శి హెన్రీ నాక్స్ మసాచుసెట్స్ పరిస్థితిని ఉన్నదానికన్నా భయంకరంగా వర్ణిస్తూ ఉత్తరాలు రాశాడు. తన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో విశ్రాంతిగా ఉండాలనుకున్న వాషింగ్టన్ 1787 మేలో సమావేశానికి వచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడు.

సెప్టెంబరు 17న సంతకాలైన రాజ్యాంగంలో ఆ భయం వాక్యాల రూపంలో ఉంది. పన్నులు వేసే హక్కు కాంగ్రెస్‌కు వచ్చింది. తిరుగుబాట్లను అణచడానికి మిలీషియాను పిలిచే హక్కూ వచ్చింది. రాష్ట్రాలు కాగితపు డబ్బు అచ్చేయకూడదు, ఒప్పందాల బాధ్యతను తగ్గించే చట్టాలు చేయకూడదు. అంటే రోడ్ ఐలండ్ చేసింది ఇక ఎవరూ చేయలేరు, మసాచుసెట్స్ రైతులు అడిగిన కాగితపు డబ్బును ఇక ఏ శాసనసభా ఇవ్వజాలదు. అప్పుడు పారిస్‌లో రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ మాత్రం ఈ కంగారును ఎగతాళి చేశాడు. అప్పుడప్పుడు చిన్న తిరుగుబాటు ప్రభుత్వ ఆరోగ్యానికి మంచిదేనని స్నేహితులకు రాశాడు.

విస్కీ మీద పన్ను

కొత్త ప్రభుత్వపు మొదటి ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790 జనవరిలో రుణ నివేదిక సమర్పించాడు. కేంద్రం బాకీ 5 కోట్ల 40 లక్షల డాలర్లు, రాష్ట్రాల యుద్ధ బాకీ రెండున్నర కోట్లు. మొత్తాన్ని కేంద్రమే నెత్తినేసుకుని, పత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు పూర్తి విలువ చెల్లించాలని ఆయన సలహా. పత్రాలు చవగ్గా కొని పెట్టుకున్న ధనికులకు ప్రభుత్వం నిలబడడంలో స్వార్థం ఉంటుంది, విదేశాల్లో పరపతి పెరుగుతుంది. ఈ తర్కం ఫలించింది కూడా. నివేదిక వార్త మారుమూల ఊళ్లకు చేరేలోపే అక్కడి పత్రాలు కొనేయడానికి మూడు ఓడలు దక్షిణాదికి బయల్దేరాయని జార్జియా సభ్యుడు జేమ్స్ జాక్సన్ సభలో మండిపడ్డాడు. మొదట పత్రం పుచ్చుకున్న సైనికుడికీ కొంత వాటా ఇవ్వాలని మరో సభ్యుడు జేమ్స్ మాడిసన్ పెట్టిన ప్రతిపాదన 13-36 ఓట్లతో వీగిపోయింది. రాష్ట్రాల బాకీ తీసుకోవడానికి దక్షిణాది ఒప్పుకున్నందుకు బదులుగా రాజధానిని ముందుముందు పొటోమాక్ నది ఒడ్డుకు మార్చడానికి ఒప్పందం కుదిరింది.

వడ్డీ కట్టడానికి దిగుమతి సుంకాలు చాలవు. 1791 మార్చిలో దేశంలో కాచే మద్యం మీద ఎక్సైజు పన్ను వచ్చింది. పట్టణాల్లో అది విలాసం మీద పన్ను. అప్పలాచియన్ పర్వతాల అవతల, పశ్చిమ పెన్సిల్వేనియాలో, అది బతుకు మీద పన్ను. గుర్రం వీపు మీద నాలుగు బుషెళ్ల రై ధాన్యం కొండలు దాటించడం గిట్టుబాటు కాదు. అదే గుర్రం విస్కీ రూపంలో 24 బుషెళ్ల పంటను మోస్తుంది. మిసిసిపీ నది మీదుగా సరుకు పంపుదామంటే ఆ దారి స్పెయిన్ చేతిలో ఉంది. నాణేలు లేని ఆ ప్రాంతంలో కూలీకి విస్కీ, కొట్లో విస్కీ, చర్చి పాస్టరుకూ విస్కీనే ఇచ్చేవారు. పన్ను మాత్రం నాణేల్లో కట్టాలి. బట్టీ సామర్థ్యంలో గ్యాలనుకు ఏడాదికి 60 సెంట్ల చొప్పున కట్టే పద్ధతి ఏడాది పొడుగునా బట్టీ నడిపే పెద్దవాళ్లకు కలిసొచ్చేది. కోతల తర్వాత కొన్ని వారాలు కాచుకునే రైతుకు గ్యాలను లెక్కన ఎక్కువ పడేది. పన్ను ఎగ్గొట్టారని కేసు పెడితే 300 మైళ్ల దూరంలోని ఫిలడెల్ఫియా కోర్టుకు పోవాలి.

పైగా ప్రభుత్వం వాళ్లకు రక్షణ కూడా ఇవ్వలేకపోతోంది. 1791 నవంబరు 4న ఒహాయో ప్రాంతంలో ఆదివాసీ తెగల కూటమి జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని తుడిచిపెట్టింది. 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. పన్ను ఆదాయంలో కొంత భాగం ఆ సరిహద్దు యుద్ధానికీ పోయేది.

1791 సెప్టెంబరులోనే వసూలుదారు రాబర్ట్ జాన్సన్‌ను పట్టుకుని ఒంటికి తారు పూసి ఈకలు అంటించారు. ఒకప్పుడు బ్రిటిష్ అధికారులకు జరిగిన మర్యాదే ఇది. అయితే పన్ను కట్టనివాళ్లు ఒక్క పెన్సిల్వేనియాలోనే లేరు. కెంటకీలో వసూలు దాదాపు సాగనే లేదు. గట్టి చర్యకు ప్రభుత్వం పెన్సిల్వేనియాను ఎంచుకోవడంలో, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా ఆ రాష్ట్రంలోనే ఉండడం పాత్ర చిన్నది కాదు. కళ్లెదుట ధిక్కారాన్ని చూస్తూ ఊరుకుంటే మిగతాచోట్ల మాట చెల్లదని హామిల్టన్ లెక్క.

1794 జూలైలో మార్షల్ డేవిడ్ లెనాక్స్ సమన్లు పట్టుకుని వచ్చాడు. ఇలాంటి కేసులు దగ్గరి కోర్టుల్లో విచారించవచ్చని జూన్‌లోనే కొత్త చట్టం వచ్చింది. ఈ సమన్లు మాత్రం పాత చట్టం కిందవి, ఫిలడెల్ఫియాకు రమ్మనేవి. ఆయనకు దారి చూపించినవాడు ఎక్సైజు ఇన్‌స్పెక్టర్ జాన్ నెవిల్, ఆ ప్రాంతంలోకెల్లా ధనవంతుల్లో ఒకడు, తానూ బట్టీ యజమానే. జూలై 16న, మళ్లీ 17న వందల మంది బోవర్ హిల్‌లోని అతని ఇంటి మీదికి వెళ్లారు. రెండో రోజు ఇంటి లోపల పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన కొద్దిమంది సైనికులున్నారు. మొదటి రోజు నెవిల్ బానిసలు కూడా గుంపు మీద తుపాకులు పేల్చారు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జేమ్స్ మెక్‌ఫార్లేన్ తూటా తగిలి చనిపోయాడు. ఇల్లు కాలిపోయింది. ఆగస్టు 1న పిట్స్‌బర్గ్ శివార్లలోని బ్రాడక్స్ ఫీల్డ్‌లో ఏడు వేల మంది పోగయ్యారు. వాళ్లలో చాలామందికి బట్టీ కాదు కదా, సెంటు భూమి కూడా లేదు.

అప్పటికి అధ్యక్షుడుగా ఉన్న వాషింగ్టన్ ఒకేసారి రెండు పనులు చేశాడు. 1792 నాటి మిలీషియా చట్టం ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తి జేమ్స్ విల్సన్ నుంచి ధ్రువీకరణ తీసుకుని, నాలుగు రాష్ట్రాల నుంచి 12,950 మందిని పిలిచాడు. మరోపక్క విధేయతకు సంతకం చేస్తే క్షమాభిక్ష ఇస్తామని రాయబారులను పంపాడు. సైన్యానికి మనుషులు దొరకడం కష్టమైంది, కొన్నిచోట్ల నిర్బంధ భర్తీ మీదే గొడవలయ్యాయి. సెప్టెంబరు 30న ఆయన స్వయంగా బయల్దేరి కార్లైల్, బెడ్‌ఫర్డ్‌ల దాకా వెళ్లాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడు సైన్యంతో కదలడం అమెరికా చరిత్రలో అదొక్కసారే. అక్కడి నుంచి ఆయన వెనుదిరిగితే సైన్యాధిపతి హెన్రీ లీ, హామిల్టన్ ముందుకు పోయారు. స్వాతంత్ర్య యుద్ధంలో ఎన్నో సందర్భాల్లో వాషింగ్టన్ చేతికింద ఉన్నంత బలగం అది. కొండలు దాటాక ఎదురు నిలిచినవాడు ఒక్కడూ లేడు. నవంబరు 13 రాత్రి నిద్రలోంచి లేపి ఈడ్చుకుపోయినవాళ్లలో చివరికి 20 మందిని ఫిలడెల్ఫియా దాకా నడిపించారు. ఇద్దరికి దేశద్రోహం కింద ఉరిశిక్ష పడింది. 1795లో వాషింగ్టన్ ఇద్దరినీ క్షమించాడు. ఆ దండయాత్రకు అయిన ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లు. అధ్యక్ష పదవి దిగాక వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లో తానే విస్కీ బట్టీ పెట్టాడు. 1799లో అక్కడ దాదాపు 11 వేల గ్యాలన్లు తయారైంది.

వేడినీళ్లతో మూడోసారి

1798లో ఫ్రాన్స్‌తో ప్రకటించని సముద్ర యుద్ధం మొదలైంది. నౌకాదళం కోసం, వాషింగ్టన్ తర్వాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ప్రభుత్వం ఇళ్ల మీద, భూముల మీద, బానిసల మీద 20 లక్షల డాలర్ల నేరుపన్ను వేసింది. నిజానికి ఇది పాత పన్నులకన్నా న్యాయమైనది, పెద్ద ఇంటికి ఎక్కువ రేటు. కానీ తూర్పు పెన్సిల్వేనియాలోని జర్మన్ రైతులకు ఇంగ్లీషులో ఉన్న చట్టం అర్థమయ్యేలా చెప్పినవాడు లేడు. కిటికీలు లెక్కపెడుతూ వచ్చిన అధికారుల మీద ఆడవాళ్లు మేడ మీంచి వేడినీళ్లు కుమ్మరించారు. నాయకుడు జాన్ ఫ్రైస్ ఊరూరా తిరిగి వేలాలు వేసేవాడు. అయిదేళ్ల కిందట విస్కీ తిరుగుబాటును అణచడానికి నడిచిన మిలీషియాలో అతనూ ఉన్నాడు. 1799 మార్చి 7న బెత్లహెంలోని సత్రంలో నిర్బంధించిన పన్ను నిరాకరణవాదులను అతని మనుషులు విడిపించుకున్నారు. ఒక్కరూ చనిపోలేదు. అయినా సైన్యం వచ్చింది, ఫ్రైస్‌కు రెండుసార్లు విచారణ జరిగి ఉరిశిక్ష పడింది. 1800 మేలో మంత్రుల మాట కాదని ఆడమ్స్ అతన్ని క్షమించాడు. హామిల్టన్ వర్గానికి ఆడమ్స్ మీద కోపం మరింత పెరిగింది. వాళ్లిద్దరిదీ అయిన ఫెడరలిస్టు పార్టీకి కంచుకోటలాంటి జర్మన్ జిల్లాలు చేజారాయి. ఆ ఏడాది ఎన్నికల్లో జెఫర్సన్ పార్టీ గెలిచింది.

1802లో విస్కీ పన్నుతో సహా దేశీయ పన్నులన్నీ రద్దయ్యాయి. రద్దు చేయించిన ఖజానా మంత్రి ఆల్బర్ట్ గాలటిన్. పదేళ్ల కిందట ఎక్సైజును ఎదిరించిన పిట్స్‌బర్గ్ సభ తీర్మానాల మీద కార్యదర్శిగా సంతకం పెట్టినవాడు ఆయనే.

పన్నులు పోయినా, వాటి కోసం తెచ్చిన అధికారం పోలేదు. న్యాయమూర్తి ధ్రువీకరణ ముందుగా కావాలన్న నిబంధనను కాంగ్రెస్ 1795లోనే మిలీషియా చట్టంలోంచి తీసేసింది. మిలీషియానే కాదు, శాశ్వత సైన్యాన్నీ నౌకాదళాన్నీ కూడా దేశం లోపలి తిరుగుబాట్ల మీద వాడవచ్చన్న చట్టం 1807 మార్చి 3న వచ్చింది. దాని మీద సంతకం పెట్టిన అధ్యక్షుడు జెఫర్సన్. 1861 ఏప్రిల్ 15న దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటును అణచడానికి అబ్రహాం లింకన్ 75 వేల మంది మిలీషియాను పిలిచింది 1795 చట్టం కిందే. మరుసటి ఏడాది జూలైలో ఆ యుద్ధ ఖర్చుల కోసం మద్యం మీద గ్యాలనుకు 20 సెంట్ల ఎక్సైజు మళ్లీ వచ్చింది. రేట్లు మారుతూ వచ్చినా ఆ పన్నును తర్వాత ఏ ప్రభుత్వమూ ఎత్తేయలేదు.